గుగ్గిలం పూసిన ఓడ

అమీను గోడకాగితాన్ని తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గుగ్గిలం," అన్నాడు.

గుమ్మం పక్కనున్న మాస్టారి భార్య రోసమ్మ ఉలిక్కిపడింది.

1948 సెప్టెంబరు మొదటి వారం. తెల్లారీ తెల్లారకముందే నిజాం పోలీసు ఠాణా అధికారి అమీను, బిక్షం అనే జవానును వెంటబెట్టుకుని బన్సీలాల్‌పేటలో జీవరాజు మాస్టారి ఇంట్లోకి జొరబడ్డాడు. నెల రోజులుగా ఎవరో చేత్తో రాసిన కాగితాలు పేట గోడలకు అంటిస్తున్నారు. 'యూనియన్ సైన్యం దగ్గరికొచ్చింది, భయపడకండి' అని ఒకటి. 'రజాకార్లకు చందాలివ్వకండి' అని మరొకటి. మామూలుగా గంజితో అంటించినవైతే ఈ ముసురుకు పూటలో ఊడిపోవాలి. ఇవి ఊడవు. కత్తితో గీకితే గోడ సున్నం రాలుతోంది గానీ కాగితం కదలడం లేదు.

"మాస్టర్ సాబ్, కిరస్తానపోళ్ల ఇంట్ల గుగ్గిలంతోని ఏం పని? మీరు ధూపం సుత ఎయ్యరు గద?"

"ఓడకండీ," అన్నాడు జీవరాజు.

"ఏందీ?"

జీవరాజు మురిసిపోతూ బల్ల మీది గుడ్డ తీశాడు. ఖర్మ! ఎప్పుడు మురవాలో కూడా తెలియదీ మనిషికి, అనుకుంది రోసమ్మ.

నూరేళ్ల కిందట కోరంగిలో కట్టిన మూడు తెరచాప కొయ్యల ఓడకు నమూనా అది. జీవరాజు ముత్తాత ఆ ఓడకు ఉలి పట్టాడట. అసలు ఓడ నూట ఇరవై అడుగులు. అడుగుకు పావంగుళం లెక్కన ఇది రెండున్నర అడుగులు. బడిలో విరిగిన బల్లల టేకును బద్దలుగా చీల్చి, ఒక్కొక్కటే వంచి బిగించి, ఎనిమిది నెలలుగా కడుతున్నాడు. భయానికి పేటలో సగంమంది చుట్టాలిళ్లకు వెళ్లిపోయారు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి. ఈయన మాత్రం ఓడను వదలలేదు.

"చెక్కల సందుల్లో గుగ్గిలం నూనెలో కాచి పూయాలి సార్. కోరంగి పద్ధతి. చుక్క నీరు చొరదు. నాకేమో ఉబ్బసం, ఆ పొగ పడదు. నేను బడికెళ్లాక మా ఆవిడ కాచి పెడుతుంది."

"మంచిది. పేటల గుగ్గిలం కాచే పొయ్యి గిదొక్కటే. కాగితాలకు అంటింది గదే. ఇగ నన్నేం సమజ్ చేస్కోమంటరు?" అమీను లాఠీతో ఓడ కొనను తట్టాడు. "ఠాణాకు నడువుండ్రి."

జీవరాజు గుడ్డ మళ్లీ ఓడ మీద కప్పబోయాడు.

ఠాణాకు వెళ్లినవాళ్లు ఎలా తిరిగొస్తున్నారో రోసమ్మకు తెలుసు. పక్కవీధి కంపౌండరు దేవసహాయం తన కాళ్ల మీద నడిచి వెళ్లాడు, మంచం మీద మోసుకొచ్చారు. ఉబ్బసం మనిషి, ఒక్క పూట కూడా తట్టుకోలేడు. ఏ పాపమూ ఎరగనివాణ్ణి తీసుకుపోతే ఇక తను బతికి ఎవరికి?

"యేసయ్య తోడు సార్, ఆయన కాదు," అంటూ అమీను కాళ్ల మీద పడింది. "ఆయనకేం తెలీదు. ఓడ తప్ప ఇంకో లోకం తెలీదు."

"లెవ్వమ్మా, లెవ్వు. అందరి పెండ్లాలు గిదే చెప్తరు."

బిక్షానికి జాలేసిందో ఏమో, గొంతు సవరించుకున్నాడు.

"సాబ్, జెర రాయించి సూద్దాం. దస్తూరీ కలుస్తదా లేదా తెలుస్తది."

అమీను సరేనన్నాడు. కాగితంలో ఉన్న మాటలే చదివి వినిపించాడు బిక్షం. జీవరాజు రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బిక్షానికి నవ్వాగలేదు. గోడకాగితంలో అక్షరాలు ముత్యాలు పేర్చినట్టు గుండ్రంగా ఉన్నాయి. మాస్టారివి కోడి గెలికినట్టున్నాయి.

అమీను తేలిగ్గా నమ్మే రకం కాదు. కావాలనే చెడగొట్టాడని మూలనున్న పిల్లల నోటుపుస్తకాలు లాగాడు. ఒకటి కాదు, పది తిరగేశాడు. ఎర్ర సిరాతో దిద్దినచోటల్లా అదే గెలుకుడు.

"గిట్ల రాస్తే పోరగాండ్లు ఎట్ల చదువుతరు మాస్టర్ సాబ్?"

"లెక్కలు చెప్తానండీ," అన్నాడు జీవరాజు తల వంచుకుని.

అమీను నవ్వాడు. రోసమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఇల్లు సోదా చేశాం, ఏమీ దొరకలేదని బిక్షం కాగితం రాశాడు. జీవరాజు సంతకం చేశాడు. "బాయమ్మా, నువ్వో ఏలుముద్ర ఎయ్యి," అంటూ బిక్షం ఆమె బొటనవేలికి సిరా పూసి, సంతకం పక్కనే ఒత్తించాడు. రోసమ్మ నోరెత్తకుండా ఒత్తింది.

గడప దాటుతూ అమీను వెనక్కి తిరిగాడు.

"ఇంకొక్క కాగితం గుగ్గిలంతోని నా కండ్ల పడ్డదా, దస్తూరీ గిస్తూరీ చూడ. సీదా తీస్కపోత."

వాళ్లు సందు మలుపు తిరిగాక జీవరాజు ఓడ పక్కన కూలబడ్డాడు. ఆయాసంతో ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. రోసమ్మ వేణ్ణీళ్లు తెచ్చి తాగించింది, వీపు రాసింది.

"ఎవడో గానీ వాడి చేతులు పడిపోను! నా ప్రాణం మీదికి తెచ్చాడు," అన్నాడు.

"అలా అనకండీ," అంది రోసమ్మ. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

"పిచ్చిదానా, పోయారుగా. ఇంకేం భయం లేదు." ఆమె కళ్లు తుడిచి, గొడుగు తీసుకుని, ఆలస్యమైపోయిందంటూ బడికి బయల్దేరాడు.

రోసమ్మ తలుపు గడియ పెట్టి, ఈసారికి పొయ్యి మీద చిక్కటి గంజి పడేసి, బొటనవేలి సిరా కడుక్కుని, గుండ్రటి అక్షరాలతో రేపటి కాగితం రాయడం మొదలుపెట్టింది.