రేకుల కింది మందు

"మా ఆయన చాటుగా మిఠాయి తిని కాలు పోగొట్టుకున్నారు డాక్టరుగారూ!" ఎడారి ఊరు బార్మేర్‌లో ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ధాపూ మళ్ళీ అందుకుంది.

"ముట్టలేదే," అన్నాడు ఖేమారామ్ నీరసంగా.

"మరి రోజూ సూది పొడుస్తున్నా షుగరెందుకు దిగలేదు?"

డాక్టరు ఆమెవైపు చూశాడు. "ఇన్సులిన్ ఎక్కడ పెట్టేదానివమ్మా?"

"రేకుల కింద అలమారులో. పాడవలేదండీ, నీళ్ళలా తేటగానే ఉంది."

"చూడ్డానికి అలాగే ఉంటుంది. మీ ఎండలకి లోపల అణువుల రూపు మారిపోతుంది. ఇక ఒంట్లో పనిచెయ్యదు. నువ్వు పొడిచింది ఉత్త నీళ్ళేనమ్మా."

ధాపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి మొహంలోకి చూడలేకపోయింది.

ఖేమారామ్ గోడవైపు తిరిగాడు. "కాలు తీసేసిన రోజు చిన్నది వచ్చి, ఎందుకు తిన్నావు నాన్నా అని ఏడ్చింది. ఏం చెప్పను? తప్పయిపోయింది తల్లీ అన్నాను."