రాసినోళ్ల పేర్లు

రౌటర్‌ను ఎర్రన్న ముఖాన కొట్టినంత పని చేసింది ఫరీన్.

"దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ రెండేండ్లు కూర్చోని రాసినా. నా పేరు పీకేసి నీ కేబుల్ కంపెనీ పేరు పెట్టుకుంటావా? ఛీ!"

"ఊరికే తీసుకోండని నెట్లో పెట్టింది నువ్వే కదమ్మా?" నవ్వాడు ఎర్రన్న.

"వాడుకోమన్నా. రాసినోళ్ల పేర్లు చెరపమన్లే. సిగ్గుండాల!"

టీ తెచ్చిన బయమ్మ ఆగింది. కదిరి ఎండకు రౌటర్ ఎప్పుడెప్పుడు ఆగిపోతోందో తన రేకుల టీకొట్లో మూడు నెలలు కనిపెట్టి, నోటుబుక్కులో రాసిచ్చింది ఆమే. అది చూసే ఫరీన్ సాఫ్ట్‌వేర్‌లో తప్పు సరిదిద్దింది.

"అయితే పాపా, నువ్వు పెట్టిన దాంట్లో నా పేరు యాడుండాది?"

ఉన్నది ఒక్క పేరే.

ఫరీన్ నోట్లో ఇంకో ఛీ మిగిలే ఉంది. ఈసారి అది ఎర్రన్నకు కాదు.