నచిసాలే తెచ్చిన పిండి

డెద్జా, జూన్ 14. తెల్లవారి ఇంకా చలి వదలకముందే పక్కింటి నచిసాలే మా అమ్మమ్మ చావుకు ఏడుస్తూ వచ్చింది. నడుముకు చితెంజే గుడ్డ బిగించి, చావింటికి పట్టుకెళ్లే మొక్కజొన్న పిండి గిన్నె నెత్తిన పెట్టుకుంది.

అమ్మమ్మ లోపల జావ తాగుతోంది.

"ఎవరు పోయారే?" అంది.

"నువ్వే!" నచిసాలే గిన్నె దించి కళ్లు తుడుచుకుంది. "పొద్దెక్కుతున్నా మీ కప్పు మీద పొగ లేదు. ఏమనుకోను మరి?"

తప్పు నాది. అమ్మమ్మ దగ్గు చూడలేక, బడిలో నేర్చుకున్న పొగ రాని మట్టి పొయ్యి కట్టాను. వారం రోజులు అమ్మమ్మ దాని ముఖం చూడలేదు. బతిమాలితే ఇవాళ ఒక్క పూటకు ఒప్పుకుంది.

"మూడేళ్లుగా నాతో మాటల్లేవుగా, నా పొగతో నీకేం పని?" అంది అమ్మమ్మ.

"మాటల్లేకపోతే కళ్లు కూడా ఉండవా? నీ మేక నా గుమ్మడి తీగ మేసింది మాత్రం మర్చిపోలేదు!" నచిసాలే విసురుగా వెళ్లిపోయింది. చావుకు తెచ్చిన పిండి వెనక్కి తీసుకెళ్లకూడదు కనుక గిన్నె అక్కడే వదిలేసింది.

అమ్మమ్మ ఆ గిన్నెను దగ్గరకు లాక్కుని పిండిని వేళ్లతో తడిమి చూసింది.

"రేపటి నుంచి పాత పొయ్యే వెలిగించనా?" దిగులుగా అడిగాను.

"పిచ్చిదానా! పొగ లేకపోతేనే కదే, ఉన్నానో పోయానో అది వచ్చి చూసుకునేది. రేపు పొద్దున నీ పొయ్యి మీదే, ఈ పిండితోనే, ముగ్గురికి జావ కాయి."