యాభై ఒక్క అక్షరాలు

చొక్కా జేబు, ప్యాంటు జేబులు, పర్సు, పర్సులోని చిల్లర అర. అన్నీ చెప్పుల కొట్టు కౌంటరు మీద బోర్లించేశాడు లెక్కలాయన.

గిఫ్ట్ కూపను పోయిందని అతనికి ఇంట్లోనే తెలుసు. అయినా, కళ్లముందు వెతికితే అవతలివాళ్లకి కాస్త జాలి పుడుతుందని లెక్క. ఏం చేసినా లెక్కతోనే చేస్తాడు కాబట్టే వీధిలో అతనికి ఆ పేరు వచ్చింది.

కొట్టు యజమాని ఊళ్లో లేని రోజు చూసుకుని రావడం కూడా లెక్కే. ఆయనైతే మొహం చూడగానే పగలబడి నవ్వుతాడు. ఇప్పుడు కౌంటర్లో ఉన్నది ఆయన చెల్లెలు. కూర్చోవడం మొదలుపెట్టి వారమే అయింది. కొత్త మనిషి, మెత్తగా ఉంటుందనుకున్నాడు.

ఆమె అతని చిల్లరని మర్యాదగా అతని వైపే తోసింది.

"కూపను లేదు కదా అన్నయ్యగారూ?"

"లేదమ్మా. ఎక్కడో పోయింది. రెండు వేలది. ఇంకోటి రాసిచ్చేయ్, నీ పేరు చెప్పుకుంటాం."

వెనక స్టూలు మీద అతని కూతురు కొత్త బూట్లు తొడుక్కుని, అద్దంలో కాళ్లు చూసుకుంటోంది. రేపు పొద్దున్నే పిల్ల ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాలి. వేళ్లు కనిపించే చెప్పులతో వెళితే గేటు దగ్గరే ఆపేస్తారట.

యజమాని చెల్లెలు తన తల మీదున్న బోర్డు వైపు వేలు చూపించింది. తెల్ల రేకు మీద ముదురు నీలం అక్షరాలు.

పోయిన గిఫ్ట్ కూపన్లకు బదులు కూపన్లు ఇవ్వబడవు.
ఎంత తెలిసినవారైనా సరే.
ఏ కారణం చెప్పినా సరే.
యజమాని మాట ఇచ్చినా సరే.

లెక్కలాయనకి ఊరికే చదవడం చేతకాదు. మొదటి లైను ఇరవై అక్షరాలు. మిగతావి ముప్పై ఒకటి. వెరసి యాభై ఒకటి. ఒకటి కొసరు కింద తీసేస్తే యాభై.

చేతులు జేబుల్లో దోపుకుని గొంతు సవరించుకున్నాడు.

"నేను మీకు కొత్తవాణ్ణేం కాదమ్మా. మీ అన్నయ్యకి బాగా తెలుసు."

ఆమె వేలు రెండో లైను మీదికి దిగింది.

"ఊరికే అడుగుతున్నానా? దాని విలువ మీకు ఎప్పుడో ముట్టిందాయె!"

"ముట్టిందనే అనుకుందాం. రేపు అది దొరికినవాడు పట్టుకొస్తేనో? దాని మీద పేరుండదు, ఎవరు తెస్తే వాళ్లదే. ఒక్క కూపనుకి రెండు జతలిచ్చుకుంటూ పోతే, నెల తిరక్కుండా మేం ఖాళీ అట్టపెట్టెలు అమ్ముకోవాలి."

మాట సబబుగానే ఉంది. ఆ కుర్చీలో తనున్నా అదే అనేవాడు. కాకపోతే ఇంత మర్యాదగా అనేవాడు కాదు.

"ఎవడూ తీసుకురాడమ్మా. అది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు." ఇక పరువు చూసుకుంటే లాభం లేదనుకున్నాడు. "ఎవరి చెయ్యీ తగలదని క్యాలెండరు వెనక పిన్ను పెట్టి దాచాను. కొత్త సంవత్సరం రాగానే క్యాలెండరుని పాత పేపర్లవాడికి వేసేశాను."

"అయ్యో! ఎంతకిచ్చారు?"

"ఆ మాటొక్కటీ అడక్కు."

"పైన రేకు పట్టీతో సహా తూయమని గంటసేపు పోట్లాడాడండీ," స్టూలు మీంచి కూతురు అందుకుంది. "గెలిచాడు కూడా."

యజమాని చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చూసి లెక్కలాయనకి ఆశ పుట్టింది. కానీ అడ్డం పెట్టుకున్న చెయ్యి దిగి, తిన్నగా మూడో లైను మీదికి వెళ్లింది.

"మీ అన్నయ్యే అన్నాడమ్మా, ఎప్పుడొచ్చినా సరే, ఇబ్బంది లేదని..."

నాలుగో లైను.

లెక్కలాయనకి ఒళ్లు మండింది. ఏ దారిన పోదామన్నా ముందే కంచె వేసి ఉంది. తన బుర్రలో దూరి, ఏమేం చెబుతాడో విని వచ్చి రాసినట్టుంది ఆ బోర్డు.

వెనక కూతురు ఒక బూటు లేసు విప్పుతోంది.

"పోనీలే నాన్నా. పక్కింటి అక్కవి అడిగి వేసుకుంటా. ఓ సైజు పెద్దవి, అంతే. దూది కుక్కుకుంటా."

అతను గబగబా జేబుల్లోంచి చేతులు తీశాడు. బోర్లించకుండా వదిలేసిన లోపలి జేబులో మడతపెట్టిన నోట్లున్నాయి. కొత్త నిచ్చెనకని దాచినవి. అతని పనంతా నిచ్చెన మీదే, ఉన్న నిచ్చెనకేమో రెండు మెట్లు ఊగుతున్నాయి. ఇంకో మూడు నెలలు ఊగనీ.

"లేసు కట్టుకోవే," అన్నాడు.

యజమాని చెల్లెలు నోట్లు లెక్కపెట్టి, సొరుగులో వేసి, ఓ జత సాక్సులు తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఇవి కొసరు. అమ్మాయి మొదటి ఉద్యోగం కదా." తర్వాత బోర్డు వైపు ముచ్చటగా చూసింది. "ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. ఆ నాలుగు లైన్లూ లేకపోతే మీ మాటలకి నేనెప్పుడో కరిగిపోయేదాన్ని. అది రాసిన మహానుభావుడెవరో గానీ చల్లగా ఉండాలి."

"ఉన్నాడమ్మా," అన్నాడు లెక్కలాయన, నీలం రంగు ఇరుక్కున్న గోళ్లని మళ్లీ జేబుల్లోకి తోసేస్తూ. "చల్లగానే ఉన్నాడు."

కూతురు నవ్వాపుకుంటూ ముందే బయటికి నడిచింది.

యజమాని రాయమన్నది మొదటి లైనొక్కటే. అక్షరానికి నలభై చొప్పున బేరం కుదిరాక మిగతా మూడు లైన్లూ తన సొంత తెలివితో కలిపి, కూలి కింద ఆ రెండు వేల కూపను పుచ్చుకెళ్లిన బోర్డు పెయింటరు లెక్కలాయనే.