దర్జీ తాతయ్య దగ్గు

పక్షవాతం వచ్చిన ముసలి దర్జీ మూడు రోజులుగా గుక్కెడు నీళ్లకోసం అలమటిస్తున్నాడు. మింగిన నీళ్లు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారితే, వాటిని బయటికి నెట్టే దగ్గు ఆయనలో మిగిలుందో లేదో ముందు చూడాలి. రాత్రి డ్యూటీ నర్సు ఆయన ముఖానికి మాస్కు పెట్టి, దగ్గు తెప్పించే పుల్లటి మందు ఆవిరి వదిలింది.

"గట్టిగా పీల్చండి తాతయ్యా. దగ్గొస్తే ఆపుకోకండి."

ఆయన పీల్చాడు. దగ్గలేదు. తెర అవతలి మంచం మీంచి ఎవరో దగ్గారు.

ఆ మంచం సాయంత్రమే ఖాళీ అయింది. నర్సు తెర తీసి చూసింది. దుప్పటి మీద చిన్న ముడత కూడా లేదు.

"మా ఆవిడలే అమ్మా," అన్నాడు దర్జీ ముద్దమాటలతో. "పోయి ఏడాదైంది. ఎవరేం అడిగినా నా బదులు తనే పలకడం ఇంకా మానలేదు."

నర్సు మాస్కు సరిచేసి మళ్లీ ఆవిరి వదిలింది. ఈసారి దగ్గు సరిగ్గా ఆమె చెవి పక్కన వినిపించింది.

"అమ్మమ్మా," అంది నర్సు, తల తిప్పకుండానే. "మీరు దగ్గితే ఆయనకి నీళ్లివ్వలేను. ఆయన్నే దగ్గనివ్వండి, మీకు పుణ్యముంటుంది."

ఇంకోసారి ఆవిరి వదిలింది. మూడోసారి పీల్చగానే దర్జీ మంచం అదిరేలా దగ్గాడు. నర్సుకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆయన్ని లేపి కూర్చోబెట్టి, చెంచాడు నీళ్లు పట్టింది. ఆయన కళ్లు మూసుకుని మింగాడు.

"తనకీ ఓ చెంచా పట్టు తల్లీ. ఇందాకట్నుంచీ దగ్గుతోంది కదా."

కాదనలేక నర్సు చెంచా నింపి, మంచం పక్కన గాలిలోకి చాపింది.

చెంచా నెమ్మదిగా తేలికైంది.