ఆమె ఉన్న పేజీ

“నేనెక్కడున్నానో చదివి వినిపిస్తే గానీ ఈ కట్ట ఇవ్వను,” అంది కవిగారి భార్య.

టైపిస్టు గుండెల్లో రాయి పడింది. కవిగారు పోయి మూడు నెలలు. ఆయన రాసి వదిలేసిన ఆత్మకథని శుభ్రంగా టైపు చేసి, వారం క్రితం అతనే తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఇప్పుడు ప్రెస్సుకి పట్టుకెళ్దామని వస్తే ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఎక్కడో ఏమిటమ్మగారూ? పుస్తకం నిండా మీరేగా!”

“అలాగా! అయితే ఒక్క పేజీ చదువు నాయనా. నా కళ్ళ సంగతి నీకు తెలుసు కదా.”

తెలుసు. శుక్లాలు ముదిరి రెండేళ్ళుగా ఆవిడకి అక్షరాలు ఆనడం లేదు. బతికిపోయాననుకున్నాడు. ఎందుకంటే మూడువందల పన్నెండు పేజీల్లో ఆవిడ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ‘ఆ ఏడే నాకు పెళ్ళయింది.’ అంతే! సన్మానాలు చేసినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు, అద్దె ఇళ్ళ యజమానులున్నారు. పెంచుకున్న కుక్కకి నాలుగు పేజీలు. యాభై ఏళ్ళు వండిపెట్టిన మనిషికి నాలుగు మాటలు. మహానుభావుడు!

పోనీ ఏదైనా కల్పించి చెబుదామా అంటే అతనికి చేతకాదు. ముప్పై ఏళ్ళుగా ఆయన రాసింది టైపు కొట్టడమే గానీ, సొంతంగా ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఆవిడ కట్ట విప్పి బల్లమీద పెట్టింది. అతను వెతికి వెతికి ఒక కాగితం లాగాడు.

“‘ఎంత పొద్దుపోయి వచ్చినా గుమ్మంలోనే నా కోసం ఎదురుచూస్తూ ఉండేది. విసుక్కుంటే పక్కకి తప్పుకునేది, కాసేపటికి మళ్ళీ వచ్చి నా దగ్గరే కూర్చునేది. నేను తింటే గానీ తినేది కాదు. నేను పద్యం పైకి చదువుకుంటుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కదలకుండా వినేది. ఆ కళ్ళలో నా మీద కోపం ఏనాడూ చూడలేదు.’”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“బాగా చదివావు నాయనా. ఆయన నోట ఒక్కసారి వింటే చాలనుకున్నాను, నీ నోట విన్నాను. ఇక పట్టుకెళ్ళు.”

హమ్మయ్య అనుకుంటూ అతను కట్ట చంకన పెట్టుకుని గుమ్మం దాటబోయాడు.

“ఆగు నాయనా. నాకు కంటి ఆపరేషనై నెల దాటింది. ఆ కుక్క పేజీ బల్లమీదే మర్చిపోయావు.”