అల్లుడిగారి పలక

"ఇది మా అల్లుడు చేసిందనే చెప్తాం. నువ్వు సాయం చేశావంతే," అన్నాడు ల్యాబ్ పెద్దాయన.

పరిశోధకురాలికి ఒళ్ళు మండింది. గోరంత ప్లాస్టిక్ పలక మీద యంత్రంతో వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నటి చాళ్ళు గీసి, వాటి వెంట నరాల కణాలను బారుగా పెంచడం ఆమె ఏళ్ళ చాకిరీ. త్వరలో తనిఖీకి రాబోతున్న నిపుణుడు చూసి మెచ్చితే, చేసినవాళ్ళకు సొంత ల్యాబ్ వస్తుంది.

"సార్, ఆయనకి మైక్రోస్కోపులో ఎటునుంచి చూడాలో కూడా తెలీదు కదండీ!"

"నేర్చుకుంటాడులే. పలక ఇచ్చెయ్యమ్మా."

కాకిపిల్ల కాకికి ముద్దు! ఆమె పళ్ళు నూరుకుంటూ వెళ్ళి, యంత్రం మొహమే ఎరగని ఉత్త పలక తెచ్చి అల్లుడి చేతిలో పెట్టింది. చాళ్ళు ఎలాగూ కంటికి కనబడవు, ఈ మొద్దుకి తేడా ఏం తెలుస్తుంది? చాళ్ళు లేకపోతే కణాలు సంతలో జనంలా ఎటు పడితే అటు పోతాయి. మామా అల్లుళ్ళ పరువు గంగలో కలిశాక తన అసలు పలక బయటికి తీస్తుంది.

అల్లుడు పలకను వెలుతురుకెత్తి చూశాడు. "దీని మీద ఏదో మరకుందండీ."

"అయితే కడుక్కోండి," అంది విసురుగా.

అతను కడిగి తెచ్చిన పలక మీదా, తన పలక మీదా ఆమే కణాలు పోసింది.

వారం తిరక్కుండా నిపుణుడొచ్చాడు. అల్లుడి పలకను మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు కన్ను తీయలేదు. ఆమె నవ్వాపుకుంటూ గోడకానుకుని నిలబడింది.

"అబ్బ! ఒక్క కణమైనా వరస తప్పలేదే!"

ఆమె ఒక్క అంగలో ముందుకొచ్చింది. ఆయన్ని పక్కకు నెట్టినంత పనిచేసి తానూ చూసింది. నిజమే, అన్నీ బారులు తీరి ఉన్నాయి.

"సార్, అది కాదు, అసలుది ఇదీ!" అంటూ తన పలక అందించింది.

నిపుణుడు చూసి పెదవి విరిచాడు. "పర్లేదమ్మా. కానీ ఆయన పనితనం ముందు ఇదేపాటి? ల్యాబ్ ఆయనకే."

మామగారి ఛాతీ ఉబ్బింది.

"ఇంతకీ ఏ యంత్రం మీద గీశారు?" అల్లుణ్ణి అడిగాడు నిపుణుడు.

అల్లుడు మామగారి వైపు బెదురుగా చూశాడు. "యంత్రమేంటండీ? మరక ఎంతకీ పోకపోతే, గిన్నెలు తోమే పీచుతో నిలువునా గట్టిగా తోమానంతే."